పాసైపోయిన పరీక్ష కలలోకి ఎందుకొస్తుంది?

నాకు ఏడాదికి మూడు నాలుగు సార్లు ఒకటే కల వస్తుంది. లెక్కల పరీక్ష. అప్పటికే గంట కొట్టేశారు. నా గది ఎక్కడుందో తెలియక వరండా పొడవునా పరిగెడుతుంటాను. ఎలాగో వెళ్లి కూర్చుంటే, ప్రశ్నపత్రం మీద అక్షరాలు ఉంటాయి కానీ ఎంత చూసినా చదవడానికి రావు. చేతిలో పెన్ను ఉండదు. పోయినసారి ఇంకో వింత కూడా జరిగింది. ఇన్విజిలేటర్ చూడ్డానికి మా చిన్నప్పటి లెక్కల మాస్టారే, గొంతు మాత్రం ఇప్పుడు ఆఫీసులో మా పై అధికారిది. మెలకువ వచ్చేసరికి మెడంతా చెమట. ఆ పరీక్ష పాసై ఇరవై ఏళ్లు దాటింది.

ఇలాంటి కలకు అర్థం ఏమిటని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి కలల పట్టిక: పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది, పరీక్ష వస్తే ఇంకోటి. రెండోది, కలలకి అర్థమేంటి, నిద్రలో మెదడు చేసే గోల అని కొట్టిపారేయడం. రెండూ మనల్ని పక్కదారి పట్టిస్తాయి. నేను చదివినంతలో, గత నూట పాతికేళ్ల మనస్తత్వ శాస్త్రం కలల గురించి చెప్పిన వాటిలో గట్టిగా నిలబడిన మాట ఒకటుంది. పాముకి విడిగా అర్థమేమీ లేదు. ఆ పామును చూసిన మనిషికీ, ఆ పాముకీ మధ్య ఉన్న లావాదేవీకి అర్థం ఉంది. ఆ లావాదేవీ సంగతి కల కన్నవాళ్లకే తెలుసు, చాలాసార్లు తమకు తెలుసన్న సంగతి తెలియకుండానే.

ఇది కొంతవరకు పాతకాలం వాళ్లకూ తెలుసు. రెండో శతాబ్దపు గ్రీకు స్వప్నశాస్త్రవేత్త ఆర్టెమిడోరస్, కల చెప్పడానికి వచ్చిన మనిషి వృత్తి, వయసు, ఆరోగ్యం, ఆస్తిపాస్తులు కనుక్కోకుండా అర్థం చెప్పకూడదన్నాడు. ఒకే కల ధనవంతుడికి ఒకలా, పేదవాడికి ఒకలా ఫలిస్తుందని రాశాడు. కాకపోతే అన్నీ విన్నాక అర్థం చెప్పేది మాత్రం ఆయనే. వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ మార్చింది సరిగ్గా ఈ చివరి మెట్టుని. అర్థం వెతికే పనిని కల కన్న మనిషికే అప్పగించాడు.

1895 జులై 23 రాత్రి, వియన్నా శివార్లలో బెల్‌వ్యూ అనే భవనంలో ఉన్నప్పుడు ఫ్రాయిడ్‌కి ఒక కల వచ్చింది. తన దగ్గర వైద్యం చేయించుకుంటున్న స్త్రీ ఒక విందులో ఎదురై గొంతు నొప్పి, కడుపు నొప్పి అంటుంది. ఆమెను ఆయన ఇర్మా అనే మారుపేరుతో ప్రస్తావించాడు. కలలో ఆమె గొంతులోకి చూస్తే తెల్లటి మచ్చ. తోటి డాక్టర్లను పిలుస్తాడు. చివరికి తేలిందేమిటంటే, ఒక స్నేహితుడు ఆమెకు ఇంజెక్షన్ ఇచ్చాడు, ఆ సిరంజి బహుశా శుభ్రంగా లేదు. ముందురోజు జరిగింది ఇది: అదే స్నేహితుడు వచ్చి, ఇర్మా కాస్త నయమే గానీ పూర్తిగా కోలుకోలేదని చెప్పాడు. ఆ మాటలో ఫ్రాయిడ్‌కి నింద వినిపించింది. ఆ రాత్రే కూర్చుని, తనను తాను సమర్థించుకుంటున్నట్టుగా, ఆమె కేసు వివరాలన్నీ రాశాడు. తర్వాత పడుకుంటే ఈ కల.

పొద్దున్నే ఆయన చేసిన పని ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి. కలను కథలా మొత్తంగా చూడకుండా ముక్కలు చేశాడు. తెల్లటి మచ్చ, సిరంజి, ఆ డాక్టరు, ఒక రసాయనం పేరు. ఒక్కో ముక్కా తీసుకుని, అది తలుచుకోగానే మనసులో ఏమొస్తే అది, సిగ్గనిపించినా, అర్థంలేనిదిగా అనిపించినా రాసుకుంటూ పోయాడు. దీన్నే స్వేచ్ఛా సాహచర్యం అన్నారు. ముక్కలన్నీ వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోట కలిశాయి: ఆమె బాధకు కారణం నేను కాదు, ఇంకొకరు. కల అంటే ఒక కోరిక నెరవేరడమేనన్న ఆయన సిద్ధాంతానికి మొదటి ఉదాహరణ ఇదే. ఆ సిద్ధాంతంతో వచ్చిన పుస్తకం 1899 నవంబరులో వెలువడింది, అట్ట మీద 1900 అని వేశారు. మొదట అచ్చువేసిన 600 కాపీలు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఫ్రాయిడ్ చెప్పిన అచేతనం, అంటే మనకు తెలియకుండా మనసులో పనిచేసే భాగం గురించి ఇక్కడ ఒక్క మాట. మర్చిపోయినది వేరు, తోసేసినది వేరు. నిన్నగాక మొన్న ఏ రంగు చొక్కా వేసుకున్నానో గుర్తులేకపోవడం మరుపు. నాకు ఇష్టమైనవాళ్ల మీద నాకే అసూయ ఉందన్న సంగతి తెలియకపోవడం మరుపు కాదు, మనసు దాన్ని లోపలికి నెట్టి తలుపేసింది. నిద్రలో కాపలా సడలుతుంది, కానీ పూర్తిగా పోదు. అందుకే లోపలిది వేషం మార్చుకుని బయటికి వస్తుందని ఆయన వాదన. మనకు గుర్తుండే కల పైకి కనిపించే వేషం, దాని వెనకున్నది గుప్త విషయం. వేషం వేసే పద్ధతులకు ఆయన పేర్లు కూడా పెట్టాడు. మా మాస్టారి ముఖం, అధికారి గొంతు ఒకే మనిషిలో కలిసిపోవడం సంక్షేపణం: ఇద్దరు మనుషులు, ఒకే భయం. పెద్ద విషయానికి సంబంధించిన ఆందోళన పెన్ను లాంటి చిన్న వస్తువు మీదకు జారిపోవడం స్థానభ్రంశం. ఈ రెండు పరిశీలనలూ ఎవరి కలలోనైనా తేలిగ్గా దొరుకుతాయి. మీకు ఈ మధ్య వచ్చిన కలలో మనిషి ఒకరు, ఇల్లు ఇంకొకరిది, మాట మరొకరిది అయిందేమో గుర్తు చేసుకోండి.

పరీక్ష కలల గురించి ఫ్రాయిడ్ ప్రత్యేకంగా రాశాడు. తోటి వైద్యుడు స్టెకెల్ చెప్పినదాన్ని బట్టి, ఇవి వచ్చేది ఆ పరీక్ష పాసైన వాళ్లకే, తప్పినవాళ్లకు రావు అన్నాడు. తన సంగతే చెప్పుకున్నాడు: ఫోరెన్సిక్ మెడిసిన్‌లో తప్పాడు, అది ఎప్పుడూ కలలోకి రాలేదు. గట్టెక్కిన వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మాత్రం పదేపదే వచ్చేవి. మర్నాడు చేయాల్సిన పనిలో మాట పడాల్సి వస్తుందేమోనని భయపడుతున్నప్పుడు ఈ కల వస్తుందనీ, అందులో ఒక ఊరడింపు ఉందనీ ఆయన అంటాడు: అప్పుడూ ఇలాగే వణికావు, ఏమైంది, పాసయ్యావుగా. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. నా కల వచ్చిన రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది: సోమవారం రివ్యూ మీటింగ్. టెన్షన్ ఏమీ లేదని ఇంట్లో చెప్పి పడుకున్నాను.

అయినా ఫ్రాయిడ్‌తో చివరిదాకా నడవడం కష్టం. ఆయన దగ్గరకొచ్చే ఒక తెలివైన స్త్రీకి, తాను ఎలాగైనా తప్పించుకోవాలనుకున్న అత్తగారితోనే సెలవులు గడపడానికి వెళ్తున్నట్టు కల వచ్చింది. ఇందులో కోరిక ఎక్కడుందని ఆమె అడిగింది. నా సిద్ధాంతం తప్పు కావాలన్నదే నీ కోరిక, అది నెరవేరింది అన్నాడు ఆయన. ఒక్కసారికి ఆ జవాబు నిజమే అయి ఉండొచ్చు. కానీ ఏ కల వచ్చినా గెలిచేలా ఉన్న సిద్ధాంతాన్ని పరీక్షించే దారే ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులు రాత్రి రాత్రీ అదే బాంబు పేలుడు కలలో చూస్తుంటే, అందులో కోరిక ఏదీ లేదని 1920లో ఆయనే ఒప్పుకోవాల్సి వచ్చింది. కలల పుస్తకం తర్వాతి కూర్పుల్లో ప్రతీకల భాగాన్ని పెంచుకుంటూ పోయి, పొడవుగా ఉన్నదంతా ఒకటి, పెట్టెలా ఉన్నదంతా ఇంకొకటి అనేవరకు వచ్చాడు. తాను మూసిన కలల పట్టిక తలుపు తానే మళ్లీ తెరిచాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఫ్రాయిడ్ నుంచి ఆయన సహచరుడు, స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ విడిపోవడం కూడా ఒక కలతోనే మొదలైందని చెప్పొచ్చు. 1909లో ఇద్దరూ ఓడలో అమెరికా వెళ్తూ రోజూ ఒకరి కలలు ఒకరికి చెప్పుకునేవాళ్లు. ఒక కలలో యుంగ్ రెండంతస్తుల ఇంట్లో ఉన్నాడు. పైఅంతస్తులో పద్దెనిమిదో శతాబ్దపు సామాన్లు. కింద మధ్యయుగపు గది. ఇంకా దిగితే రోమన్ల కాలపు నేలమాళిగ. నేలలో రాతి పలకెత్తి దిగితే గుహ, విరిగిన కుండలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ చూపంతా పుర్రెల మీదే: ఎవరి చావు కోరుతున్నావు? గొడవెందుకని యుంగ్ నా భార్య, మరదలు అని చెప్పేశాడు. ఆయన మనసులో మాత్రం ఆ ఇల్లు మనసుకే నమూనా. కిందికి దిగేకొద్దీ నాది అనేది తగ్గి, మనుషులందరిదీ అయిన పొర వస్తుంది. సామూహిక అచేతనం అన్న ఆలోచనకు అదే మొలక.

మనుషులందరికీ పుట్టుకతో వచ్చే మూలరూపాలు, అంటే అందరి మనసుల్లోనూ ఉండే ఉమ్మడి రూపాలు, ఉన్నాయని యుంగ్ అన్న మాటకు సాక్ష్యం బలహీనం. అన్నిచోట్లా మనుషులు పడిపోతున్నట్టు, ఎవరో తరుముతున్నట్టు కలలు కంటారు, నిజమే. కానీ అందరికీ ఒకేలాంటి శరీరాలు, ఒకేలాంటి భయాలు ఉండటం ఆ పోలికకు సరిపోయే కారణం. యుంగ్ దగ్గర నేను వదులుకోలేనిది వేరే ఉంది. కల దాచిపెట్టదు అంటాడు ఆయన, తన భాషలో తాను ఉన్నదున్నట్టు చెబుతుంది, ఆ భాష మనకు రాదు అంతే. పగటిపూట మనం ఒక పక్కకు ఒరిగిపోతే, రాత్రి కల రెండో పక్క బరువు పెడుతుంది. అన్నీ నా చేతిలోనే ఉన్నాయని పగలంతా తిరిగేవాడు రాత్రి పెన్ను లేకుండా కూర్చుంటాడు. అందుకని ఆయన అడిగే ప్రశ్న, నా జీవితంలో ఈ కల దేన్ని సరిచేస్తోంది అని. ఇంకో మంచి సలహా కూడా ఇచ్చాడు: ఒక్క కలను పట్టుకుని వేలాడకండి, వరసగా వచ్చిన కలలను చూడండి.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాళ్లెవరూ నిద్రపోతున్న మనిషి మెదడులోకి చూడలేదు. 1950ల మొదట్లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, పాత యంత్రం ఒకటి బాగుచేసుకుని, తన ఎనిమిదేళ్ల కొడుకు తలకు తీగలు అతికించి పడుకోబెట్టాడు. రాత్రి మధ్యలో పిల్లాడి కళ్లు రెప్పల కింద గబగబా కదలడం మొదలైంది, కాగితం మీద గీతలు మెలకువలో ఉన్నట్టే పడ్డాయి. ఆయనా, గురువు నథానియల్ క్లైట్‌మన్ కలిసి 1953లో దీన్ని ప్రకటించారు. దీనికే రెమ్ నిద్ర అని పేరు. సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తుంది, పెద్దవాళ్ల నిద్రలో దాదాపు అయిదోవంతు నుంచి నాలుగోవంతు ఇదే. ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది కల చెబుతారు. మిగతా నిద్రలోనూ కలలు వస్తాయని తర్వాత తేలింది, కాకపోతే అవి చిన్నవిగా, ఆలోచనల్లా ఉంటాయి.

1977లో హార్వర్డ్‌లో ఆలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఫ్రాయిడ్‌కి ఎదురుగా గట్టి వాదన పెట్టారు. రెమ్ నిద్రలో మెదడు కాండం నుంచి సంకేతాలు అడ్డదిడ్డంగా పైకి ఎగజిమ్ముతాయి, పై మెదడు ఉన్నవాటితో ఏదో కథ అల్లుతుంది, అదే కల. కాపలా లేదు, వేషమూ లేదు. కల వింతగా ఉండటానికి కారణం దాపరికం కాదు, మెదడు ఉన్న స్థితి. తర్వాత మెదడు చిత్రాలు తీస్తే, ఈ నిద్రలో భావోద్వేగాల కేంద్రాలు చురుగ్గా ఉన్నాయి. తర్కం, ప్రణాళిక చూసుకునే నుదుటి వెనక భాగాల్లో కొన్ని మందగించాయి. మాస్టారి ముఖానికి అధికారి గొంతు ఎందుకుందని కలలో నాకు అనుమానం రాకపోవడానికి ఇది చక్కటి వివరణ. భయం మాత్రం పూర్తి బలంతో ఉండటానికీ ఇదే వివరణ. కల అర్థం లేనిదని హాబ్సన్ అన్నట్టు చాలామంది రాస్తారు, అది సరికాదు. అల్లిన కథ ఎవరి జ్ఞాపకాలతో అల్లితే వాళ్లదే, అందులో అర్థం దాక్కుని కాదు, పైకే కనిపిస్తూ ఉంటుందన్నది ఆయన మాట.

ఇక్కడ కథ మళ్లీ మలుపు తిరిగింది. 1990ల చివర్లో మార్క్ సోల్మ్స్ మెదడు దెబ్బతిన్న రోగుల కలల గురించి ఆరా తీశాడు. నుదుటి లోపల, మధ్యగీత దగ్గరి నరాల దారులు దెబ్బతిన్నవాళ్లకు రెమ్ నిద్ర ఉంది, కలలు ఆగిపోయాయి. అంటే రెమ్ నిద్ర, కల రెండూ ఒకటి కావు. పైగా ఆ దారులు కోరడం, వెతకడం, ఆశపడటం లాంటి వాటితో ముడిపడినవి. ఫ్రాయిడ్ నెగ్గాడని దీన్నిబట్టి చెప్పలేం, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కోరికకు కలలో చోటు లేదని మాత్రం ఇక తేలిగ్గా అనలేం.

అర్థాల సంగతి పక్కన పెట్టి లెక్కపెడదాం అన్నవాళ్లలో ముఖ్యుడు కాల్విన్ హాల్. వేల కలలు పోగుచేసి, ఎవరు కనిపించారు, ఎక్కడ, ఎవరు ఎవరితో గొడవపడ్డారు, ఏ భావం అని ఒక్కోటీ గుర్తులు పెట్టాడు. 1966లో రాబర్ట్ వాన్ డి కాసిల్‌తో కలిసి ప్రకటించిన పద్ధతినే పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో తేలింది పెద్ద రహస్యమేమీ కాదు: పగలు మనల్ని పట్టుకున్న మనుషులు, దిగుళ్లే రాత్రి కూడా వస్తాయి. కలల్లో అదృష్టం కన్నా దురదృష్టం ఎక్కువ, స్నేహం కన్నా తగాదా ఎక్కువ. ప్రమాదాలను ఎదుర్కోవడానికి మెదడు చేసుకునే రిహార్సల్ కాబట్టే ఇలా ఉంటాయని ఫిన్లాండ్‌కి చెందిన ఆంటీ రెవోన్‌సువో 2000లో ప్రతిపాదించాడు.

అచేతనం సంగతి ఏమైంది మరి? రెండు ప్రయోగాలు నాకు మరీ ఇష్టం. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొత్త జ్ఞాపకాలు నిలవని రోగుల చేత టెట్రిస్ ఆట, అంటే పైనుంచి పడే ముక్కలను తిప్పి పేర్చే కంప్యూటర్ ఆట, ఆడించింది. ఆ ఆట ఆడిన సంగతే వాళ్లకు గుర్తుండదు. నిద్ర పట్టే వేళ లేపి అడిగితే మాత్రం వాళ్లలో కొందరు, ఏవో ఆకారాలు పైనుంచి పడుతూ తిరుగుతున్నాయని చెప్పారు. అవి ఏమిటో వాళ్లకు తెలియదు. తెలియకుండా తెలిసి ఉండటం అంటే ఇంతకన్నా స్పష్టంగా ఎలా చూపించగలం? ఇక్కడ తోసేయడమేమీ లేదు, ఈ అచేతనం ఫ్రాయిడ్ చెప్పిన చీకటి గది కూడా కాదు. రెండోది 2004లో డేనియల్ వెగ్నర్ బృందం చేసింది. పడుకునే ముందు ఒక మనిషిని తలుచుకోకండి అని చెబితే, ఆ రాత్రి ఆ మనిషే కలలోకి ఎక్కువగా వచ్చారు. తోసేసినది తిరిగొస్తుందన్న పాత మాటలో ఆ ముక్క నిజం.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. కలకు అర్థం చెప్పే మనిషి చేతిలో చాలా బలం ఉంటుంది. 1990లలో జూలియానా మజోనీ, ఎలిజబెత్ లాఫ్టస్ తదితరులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థుల కలలను ఒక క్లినికల్ సైకాలజిస్ట్ అరగంట పాటు విని, వాళ్లు ఏ కల చెప్పినా సరే, మూడేళ్ల లోపు వయసులో మీకు ఏదో జరిగినట్టుంది, ఎక్కడో తప్పిపోయి ఉంటారు అనే దిశగా అర్థం చెప్పాడు. అంతకుముందు అలాంటిదేమీ జరగలేదన్న వాళ్లలో చాలామంది, కొన్ని రోజుల తర్వాత అడిగితే, జరిగి ఉండొచ్చని మొగ్గారు. కొందరికి జ్ఞాపకం కూడా వచ్చింది. అరగంట చాలింది. నీ కల నీ చిన్నప్పుడు ఫలానా ఘోరం జరిగిందని చెబుతోంది అని ఎవరైనా అంటే, వాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా నమ్మకండి. గతంలో ఏం జరిగిందో రుజువు చేయగల శక్తి కలకు లేదు.

పీడకలల విషయంలో అయితే అర్థం వెతకడం కన్నా మేలైన దారి ఉంది. అదే పీడకల పదేపదే వస్తుంటే, దాన్ని కాగితం మీద రాసి, మీకు నచ్చినట్టు ముగింపు మార్చి, ఆ మార్చిన కలను రోజూ కాసేపు మనసులో ఊహించుకోవాలి. 2001లో బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన మహిళలతో ఈ పద్ధతిని పరీక్షిస్తే పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. పెద్ద గాయం నుంచి వచ్చిన కలలైతే ఈ పని ఒంటరిగా చేయకుండా, తెలిసిన చికిత్సకుల దగ్గర చేయడం మంచిది.

మామూలు కలలకు నాకు నచ్చిన పద్ధతి అమెరికా మానసిక వైద్యుడు మాంటేగ్ ఉల్‌మన్‌ది. కల చెప్పిన మనిషికి ఎవరూ అర్థం చెప్పకూడదు. నీ కలకు అర్థం ఇది అనే మాట బదులు, ఇది నా కలే అయితే అని మొదలుపెట్టి, తమకు తోచింది తమ మీద పెట్టుకుని చెప్పాలి. తీసుకోవడమో వదిలేయడమో కల కన్నవాళ్ల ఇష్టం. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, పైన చెప్పిన ప్రమాదం చాలావరకు ఇక్కడే ఆగుతుంది.

నా పరీక్ష కలను ఒక స్నేహితురాలికి ఇలాగే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "నా కలే అయితే, పెన్ను లేదని నాకంత భయమేసేది కాదు. ఆ గదిలో ఇంకెవ్వరూ లేరు చూడు, దానికి భయమేసేది" అంది. ఇన్నేళ్లలో ఆ గది ఖాళీగా ఉందని నేను గమనించనే లేదు. వరండాలో, గదిలో, ఎక్కడా నాతో పరీక్ష రాసే మనిషి ఒక్కరూ లేరు. సోమవారం మీటింగ్‌కి పెట్టాల్సిన ఆ పని ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. మిగతా ఇద్దరూ నెల కిందటే వేరే పనికి మారిపోయారు. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు, ఆ రోజు దాకా నాతో నేను కూడా అనుకోలేదు.